నీలి రక్తం సరే, కడుపులో బాక్టీరియా లేదని ఎవరన్నారు?

వరంగల్, హనుమకొండ వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. హార్స్‌షూ క్రాబ్ (గుర్రపు డెక్క ఆకారపు డిప్ప ఉండే సముద్ర జీవి) నీలి రక్తం బాక్టీరియా మొత్తాన్ని చంపేస్తుందట. అందుకే పుట్టినప్పటి నుంచి దాని ఒంట్లో ఒక్క క్రిమి కూడా ఉండదట. దాని పెంకు పొడి పెడితే పిల్లల కడుపు శుభ్రమవుతుందట. పాకాల చెరువులోనూ దొరికిందట. కింద అందరూ దండాలు.

రక్తం నీలంగా ఉండేది నిజం. మన రక్తంలో ఇనుము చేసే పని దానిలో రాగి చేస్తుంది. కానీ కొన్ని రకాల బాక్టీరియా తగిలినప్పుడు ఆ రక్తం గడ్డకడుతుంది, బాక్టీరియా మొత్తాన్ని చంపేయదు. 1956లో అమెరికా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బ్యాంగ్ ఈ సంగతి బయటపెట్టిన వ్యాసం రాసిందే ఈ జీవికి వచ్చే ఒక బాక్టీరియా జబ్బు గురించి! ఇంజెక్షన్ మందుల్లో బాక్టీరియా విషం ఉందో లేదో చూడటానికి ఈ రక్తాన్ని వాడతారు. అది పరీక్ష, మందు కాదు.

ఇక ఆ జీవి పిల్లల సంగతి. తల్లి సముద్రపు ఒడ్డున ఇసుకలో గుడ్లు పాతి తన దారిన తాను పోతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్లకు పొడవాటి తోక ఉండదు, తిండి కూడా తినదు. ఒంట్లో మిగిలిన పచ్చసొనతోనే నెట్టుకొస్తుంది. మొదటిసారి పెంకు విడిచాక తోక పొడుచుకొస్తుంది, తినడమూ అప్పుడే మొదలు. బురదలో దొరికే చిన్న పురుగులతో పాటు అక్కడి బాక్టీరియా కూడా లోపలికి పోతుంది. పోకుండా ఎట్లా ఉంటుంది? పైగా పేగు ముందు భాగానికీ, చివరి భాగానికీ లోపల పెంకులాంటి పొరే ఉంటుంది. పెంకు విడిచిన ప్రతిసారీ ఆ పొర కూడా ఊడిపోతుంది, దాన్ని అంటుకున్న బాక్టీరియా దాంతోనే పోతుంది. మధ్య పేగుకు ఆ పొర లేదు, కాబట్టి అక్కడి బాక్టీరియా ఇలా ఊడిపోదు. తిండి మారి, ఒళ్లు పెరిగేకొద్దీ కడుపులోని బాక్టీరియా రకాలూ మారతాయి. రక్తంలోకి రానివ్వకపోవడం వేరు, కడుపులో లేకపోవడం వేరు.

పాకాల మాట ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. ఇది ఉప్పునీటి జీవి, మన దేశంలో ఒడిశా, బెంగాల్ తీరాల్లో ఉంటుంది. వాన గుంటల్లో అట్లాంటి డిప్పతో కనిపించే వేలెడంత జీవి ట్రయాప్స్, అది వేరే జాతి.

ఆ పొడి ఎవరైనా అమ్మజూపితే అటవీశాఖకు చెప్పండి. హార్స్‌షూ క్రాబ్‌లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉంది. పిల్లాడికి విరేచనాలైతే ఓఆర్‌ఎస్ తాగించి డాక్టర్‌కు చూపించండి.