కొత్త కంట్రోల్‌కు తొలి గంటలోనే తీర్పా?

2000లో సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్‌పై ‘ఏలియన్ రిసరెక్షన్’ అనే తుపాకీ గేమ్ వచ్చింది. చీకటి నడవాలు, ఏ మూల నుంచి మీద పడతాయో తెలియని జీవులు. కానీ గేమింగ్ వెబ్‌సైట్ గేమ్‌స్పాట్ సమీక్షకు వాటన్నిటికంటే భయంకరంగా తోచింది దాని కంట్రోల్ పద్ధతి. కంట్రోలర్ మీద బొటనవేళ్లతో కదిపే రెండు స్టిక్‌లలో ఎడమ దానితో నడవాలి, కుడి దానితో చుట్టూ చూడాలి. ఇదేం విడ్డూరమని ఆ సమీక్ష విసుక్కుంది. ఇవాళ కంట్రోలర్ పట్టుకుని తుపాకీ గేమ్ ఆడేవారంతా చేస్తున్నది సరిగ్గా అదే.

ఈ ఉదంతాన్ని గేమింగ్ లోకం నవ్వుకోవడానికి తరచూ బయటికి తీస్తుంటుంది. నాకు మాత్రం ఆ సమీక్షను ఎగతాళి చేయాలనిపించదు. మందులు, తూటాలు అరకొరగా దొరికే కఠినమైన ఆట అది. వేళ్లు కొత్త పని నేర్చుకుంటున్న సమయంలోనే మీద దాడి జరుగుతుంటే ఎవరికైనా చిరాకే.

మరుసటి ఏడాది నవంబరులో మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్‌తో పాటు ‘హేలో’ అనే తుపాకీ గేమ్ విడుదలైంది. రెండు స్టిక్‌ల పద్ధతి అక్కడా ఉంది. అయితే ఆట మొదలుకాగానే ఒక సాంకేతిక నిపుణుడు ఎదురుగా నిలబడి ఈ దీపం చూడు, ఆ దీపం చూడు అంటాడు. సైనికుడి కవచానికి పరీక్షలా కనిపించే ఆ తంతు నిజానికి మన బొటనవేలికి తొలి పాఠం. స్టిక్ పైకి నెడితే చూపు పైకి వెళ్లాలా, కిందికి రావాలా అన్నది కూడా అక్కడే తేలిపోతుంది. ఆ తర్వాత పోరులో గురి శత్రువుకు దగ్గరైతే ఆట చాటుగా కొంత సాయం చేస్తుంది. ఏడాది క్రితం తిట్లు తిన్న పద్ధతి హేలోతో ప్రమాణమైపోయింది. నేర్పే భారం ఆటే మోసింది కాబట్టి అది కుదిరింది.

పాత కంట్రోల్ పద్ధతినే పట్టుకుని వేలాడటాన్ని నేనేమీ తప్పుపట్టను. 2007 నాటి ‘పోర్టల్’ చూడండి. కీబోర్డు, మౌస్ వాడే తీరులో వింతేమీ లేదు. తుపాకీ మాత్రం గోడలకు దారులు తెరుస్తుంది, ఒక దారిలో దూకితే మరో దారిలోంచి బయటపడతాం. చేతులకు తెలిసిన పనే కావడంతో బుర్ర మొత్తం ఆ చిక్కుముడులపై పెట్టగలిగాం. పెద్ద బడ్జెట్ సంస్థలు పాత బాటే తొక్కడానికి మాత్రం కారణం ఇంత గొప్పది కాదు. అక్కడ పనిచేసేది పెట్టుబడి భయం.

కొత్తదనం పేరుతో జరిగే అన్యాయమూ ఉంది. 2016లో నింటెండో వీ యూ కన్సోల్‌కు వచ్చిన ‘స్టార్ ఫాక్స్ జీరో’లో టీవీ తెర మీద విమానం వెనుక నుంచి కనిపిస్తుంది, చేతిలోని గేమ్‌ప్యాడ్ తెర మీద కాక్‌పిట్ దృశ్యం వస్తుంది. గేమ్‌ప్యాడ్‌ను అటూ ఇటూ వంచి గురిపెట్టాలి. చూపు ఎక్కడ నిలపాలో తెలియక ఆటగాళ్లు సతమతమయ్యారు. చిత్రమేమిటంటే, అంతకు ఏడాది ముందు ఇదే కన్సోల్‌పై వచ్చిన ‘స్ప్లటూన్’లో కూడా గేమ్‌ప్యాడ్‌ను వంచే గురిపెట్టాలి. కళ్లు మాత్రం టీవీ మీదే ఉంటాయి, చేతిలోని తెర మ్యాప్‌కు పరిమితం. స్టిక్‌తో సాధ్యం కానంత సన్నని గురి అక్కడ దొరికింది. ‘జీరో’లో రెండో తెర ఉంది కాబట్టి దానికి పని కల్పించారనే నాకు అనిపిస్తుంది.

మన దగ్గర ఈ వాదన ఎక్కువగా ఫోన్ మీదే తేలాలి. 2018లో వచ్చిన పబ్‌జీ మొబైల్‌తోనూ, 2020లో దానిపై నిషేధం పడ్డాక మరుసటి ఏడాది దిగిన దాని భారతీయ రూపం బీజీఎంఐతోనూ తుపాకీ గేమ్‌లకు అలవాటుపడిన తెలుగు కుర్రకారులో చాలామంది కంట్రోలర్ ముట్టుకుని ఉండరు. అయినా కంట్రోలర్ బొమ్మనే తెచ్చి వారి ఫోన్ తెర మీద గీశారు. ఎడమవైపు స్టిక్, కుడివైపు బటన్లు. గాజు మీద వేలికి ఏ అంచూ తగలదు, పైగా బొటనవేళ్లే సగం దృశ్యాన్ని కప్పేస్తాయి. పరుగెత్తడం, చూడటం, కాల్చడం ఒకేసారి చేయాలంటే రెండు వేళ్లు చాలవు.

ఆ లోటును ఆటగాళ్లే పూడ్చుకున్నారు. బటన్లను తెర పైఅంచుకు జరిపి, చూపుడువేళ్లను వంచి నాలుగు వేళ్లతో ఆడటం అలవరచుకున్నారు. దాన్ని ‘క్లా’ (పంజా) అంటారు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఫోన్ వంపును పసిగట్టే జైరోస్కోప్‌ను ఎంచుకుని, ఫోన్ వంచుతూ తుపాకీ అదురును అదుపు చేసేవారూ తక్కువేమీ కాదు. ‘జీరో’లో ఛీకొట్టించుకున్న కదలికే ఇక్కడ గెలుపు సాధనం, ఎందుకంటే చూడాల్సిన తెర, వంచాల్సిన తెర ఒక్కటే. ఫోన్ కోసమే గేమ్ తయారుచేసేవారు ఇకనైనా ఆ గీసిన స్టిక్‌ను పక్కనపెట్టి, ఈ వంపును తొలి మెట్టు చేసుకోవచ్చు. హేలోలా దీపాలు చూపించి నేర్పాల్సిన అవసరం కూడా ఈ ఆటగాళ్లలో చాలామందికి ఉండదు.