పచ్చరాయి కాదమ్మా, సీసా పెంకు

ఆదివారం పొద్దున్నే పిల్లలను కాస్త నడిపిద్దామని కల్యాణి డ్యాం వైపు తీసుకెళ్లాను. శ్రీనివాస మంగాపురం దాటితే శేషాచలం కొండల ఒడిలో ఉండే జలాశయం. తిరుపతి, తిరుమల తాగే నీళ్లలో దీని వాటా కూడా ఉంది. ఆ కొండలనేమో 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా, అంటే అడవినీ అందులోని జీవాలనూ కాపాడుకోవాల్సిన ప్రాంతంగా, ప్రకటించారు. పేరు ఘనమే!

పది నిమిషాలు నడిచామో లేదో, మా చిన్నది “నాన్నా, పచ్చరాయి!” అంటూ వంగింది. పగిలిన బీరు సీసా పెంకు అది. నేను లాక్కునేలోపే వేలు తెగింది. ఇక నెమళ్లను చూడటం మానేసి, తలలు దించుకుని పెంకులు చూసుకుంటూ నడిచాం.

చెట్టు కింద స్పీకరు మోగిస్తూ కూర్చున్న నలుగురిని అడిగితే, “ఊడ్చేవాళ్లు వస్తారులే సార్” అన్నారు. నిండు సీసాలను ఇంతదూరం మోసుకురాగలిగిన చేతులకు ఖాళీ సీసాలు బరువయ్యాయా?

చిప్సు రుచి మరిగిన కోతులు మా పులిహోర డబ్బా కోసం వెంటపడ్డాయి. వాటిని మాత్రం ఏమనగలం? చివరికి కారెక్కి, అద్దాలు బిగించుకుని, ఆ ఉక్కలోనే తిన్నాం.