ఫెయిరింగ్ విప్పనంటే ఆ బండి మనది కాదు

"సింగిల్ ఓనర్, షోరూమ్ కండిషన్, ఒక్క గీత కూడా లేదు, డాక్టర్ గారు వాడిన బండి." విజయవాడ, గుంటూరుల్లో అమ్మకానికి పెట్టిన ఏ స్పోర్ట్స్ బైక్ ఫొటో కింద చూసినా ఇవే ముక్కలు. ఈ లెక్కన మన రెండు ఊళ్ళ డాక్టర్లూ ఆసుపత్రులకు తాళాలేసి యమహా ఆర్15ల మీద తిరుగుతున్నారనుకోవాలి.

బండి ఈమధ్యే నేర్చుకుని, మొదటిదే స్పోర్ట్స్ బైక్ కావాలి, అదీ సెకండ్ హ్యాండ్‌లో కావాలి అని వెతుకుతున్న తమ్ముళ్ళ కోసం ఈ పోస్టు. పొడుగ్గానే ఉంటుంది. చదివే ఓపిక లేనివాళ్ళు ఒక్క మాట పట్టుకెళ్ళండి: ఫెయిరింగ్, అంటే బండిని కప్పే ప్లాస్టిక్ తొడుగు, విప్పి లోపల చూడకుండా రూపాయి కూడా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఎందుకంటే, మామూలు బండిలో ఇంజన్, ఫ్రేము, వైర్లు అన్నీ కంటికి కనపడతాయి. పడితే దెబ్బ కూడా కనపడుతుంది. స్పోర్ట్స్ బండిలో కనపడేది ప్లాస్టిక్ ఒక్కటే. పడ్డ బండికి డూప్లికేట్ ప్యానెళ్ళు వేసి, కొత్త స్టిక్కర్లు అంటించి, పాలిష్ కొడితే ఫొటోలో తళతళలాడుతుంది. మనవాళ్ళు ఆ తళతళకే రేటు కట్టేస్తారు. సంవత్సరం అడుగుతారు, కిలోమీటర్లు అడుగుతారు, టాప్ స్పీడ్ అడుగుతారు. లోపల ఏముందని మాత్రం అడగరు.

అమ్మేవాడు ఒప్పుకోడు కదా అంటారు. సైడ్ ప్యానెళ్ళు తీయడమంటే కొన్ని ఎలన్ కీ బోల్టులు, కొన్ని ప్లాస్టిక్ క్లిప్పులు, ఇండికేటర్ కనెక్టర్లు. చెయ్యి తిరిగిన మెకానిక్‌కి అరగంట పని. కూలీ నేనిస్తానని ముందే చెప్పండి. మెకానిక్‌ని మీరే తీసుకెళ్ళండి, "మనోడే ఉన్నాడు, పిలుస్తా" అని అమ్మేవాడు పిలిచినవాణ్ణి కాదు. ఆటోనగర్ పక్కన పెట్టుకుని మెకానిక్ దొరకలేదంటే ఎవరూ నమ్మరు. ఇంత చెప్పినా విప్పనివ్వడంటే వాడికి ఏదో తెలుసు. నమస్కారం పెట్టి వచ్చెయ్యండి.

విప్పాక ముందు బోల్టుల తలలు చూడండి. ఎలన్ కీ పట్టే గుంట అరిగి గుండ్రంగా అయిపోయుంటే ఆ ప్యానెళ్ళు చాలాసార్లు ఊడొచ్చినట్టు. ప్యానెల్ లోపలివైపు చిన్న చిన్న చెవులుంటాయి, ఫ్రేముకి అవే పట్టుకుంటాయి. అవి విరిగి ఎంసీల్‌తోనో, జిప్ టైలతోనో కట్టుంటే బండి ఆ వైపు పడింది. రేడియేటర్ రెక్కలు ఒక పక్క నలిగాయా, క్లచ్ కవర్ మీద గీతలున్నాయా, వైర్ల మీద పెయింట్ తుంపర పడిందా చూడండి. కంపెనీలో పెయింట్ వేశాకే వైర్లు బిగిస్తారు. వైర్ మీద పెయింట్ ఉందంటే బయట కొట్టించిందే.

అన్నిటికంటే నిజం చెప్పేది స్టీరింగ్ స్టాపర్. హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకీ కుడికీ తిప్పితే ఒకచోట ఆగుతుంది కదా, అక్కడ హెడ్ ట్యూబ్ (హ్యాండిల్ తిరిగే ఫ్రేము గొట్టం) దగ్గర చిన్న ఇనుప ముక్క ఉంటుంది. ముందు చక్రం గట్టిగా గుద్దుకున్నప్పుడు హ్యాండిల్ విసురుగా తిరిగి దాన్నే కొడుతుంది. అక్కడ సొట్ట ఉన్నా, విరిగి వెల్డింగ్ పెట్టినట్టున్నా, చుట్టూ పెయింట్ పగిలినా ఇక బేరం వద్దు. ప్యానెళ్ళు మారుస్తారు, లీవర్లు మారుస్తారు, హెడ్‌లైట్ మారుస్తారు. దీన్ని మార్చాలని మాత్రం ఎవరికీ గుర్తుండదు. చాసిస్ నంబర్ కూడా సాధారణంగా ఆ దగ్గర్లోనే ఉంటుంది. ఆర్‌సీ పక్కన పెట్టుకుని అంకె అంకె సరిచూడండి. గీకి మళ్ళీ కొట్టినట్టు అనుమానమొస్తే అక్కడితో ఆపేయండి.

ఇక మన విజయవాడకే ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది: వరద బండి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు బళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. చాలామంది సరిగ్గా బాగుచేయించుకుని ఇప్పటికీ వాడుకుంటున్నారు, వాళ్ళ తప్పేమీ లేదు. "నీళ్ళలో మునిగింది, ఇదిగో బిల్లు, ఇవి మార్పించాను" అని చెప్పి తగ్గించి అమ్మేవాడితో పేచీ కూడా లేదు. కడిగి, ఆయిల్ మార్చి, ఏమీ జరగనట్టు అమ్మేవాళ్ళతోనే ఇబ్బంది. వరద నీళ్ళతో పాటు వచ్చిన సన్నటి ఒండ్రు వాటర్ సర్వీస్‌తో పోదు. సీటు తీసి ఫోమ్ వాసన చూడండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున వేలితో రాయండి. హెడ్‌లైట్ వెనక, హారన్ లోపల, ట్యాంకు కింద వైర్ల కట్ట మధ్య ఎండిన మట్టి పొర ఉందేమో టార్చ్ వేసి చూడండి. మెయిన్ కనెక్టర్లు ఒకటి రెండు ఊడదీయించండి. పిన్నుల మీద ఆకుపచ్చగా, తెల్లగా చిలుము కట్టుంటే ఈరోజు స్టార్టయినా రేపు ఎక్కడో ఆగుతుంది. ఆగినప్పుడు ఏ వైర్ వల్లనో కనిపెట్టలేక మెకానిక్ జుట్టు పీక్కుంటాడు, బిల్లు మీరు కడతారు. ఆయిల్ చూసే గాజు కిటికీలో ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే లోపల నీళ్ళు కలిసినట్టే, అది వరదదైనా సరే, కూలెంట్ లీకైనా సరే. నంబర్ చెబితే సర్వీస్ సెంటర్లో హిస్టరీ చూపిస్తారేమో ఓనర్ చేతే అడిగించండి. 2024 సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఏం మార్చారో అక్కడ బయటపడుతుంది. కిలోమీటర్లు తగ్గించడానికి మీటర్ వెనక్కి తిప్పినా అక్కడే దొరికిపోతుంది.

ఫ్రేము వంకర ఉందో లేదో చూడ్డానికి మిషన్లేమీ అక్కర్లేదు, నైలాన్ దారం చాలు. మొదట, వెనక చక్రం దగ్గరుండే చైన్ అడ్జస్టర్ గుర్తులు రెండు వైపులా సమానంగా ఉన్నాయో లేదో చూసుకోండి. బండిని నిటారుగా నిలబెట్టి, వెనక టైరు చుట్టూ జానెడు ఎత్తులో దారం వేసి, రెండు కొసల్నీ టైరు అంచుకి ఆనుకునేలా ముందు చక్రం దాకా లాగి పట్టుకోండి. సైడ్ స్టాండ్ అడ్డొస్తే ఎత్తు కాస్త మార్చండి. ఆర్15 వీ3కి వెనక టైరు వెడల్పు 140 మిల్లీమీటర్లు, ముందుది 100. అంటే ముందు టైరుకీ దారానికీ మధ్య ఇటు 20, అటు 20 మిల్లీమీటర్ల సందు రావాలి. ఇటు 10, అటు 30 వస్తే ముందు ఫోర్కులైనా, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మైనా, ఫ్రేమైనా పక్కకి జరిగుంటుంది. ఏదో తేల్చుకునే పని మీది కాదు, వేరే బండి చూసుకోండి.

ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే సరిగ్గా మధ్యలో చిన్న గాడిలో పడ్డట్టు ఆగుతుందా? కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగ్) పోయింది. ముందు చక్రం గాల్లోకి లేపి వీలీలు చేసిన బళ్ళలో మామూలే. ఫోర్క్ రాడ్ మీద వేలు పెట్టి లాగితే ఆయిల్ అంటుకుంటే సీళ్ళు పోయాయి, రాడ్ మీద తుప్పు చుక్కలు తగిలితే కొత్త సీలు వేసినా మళ్ళీ పోతుంది. వెనక స్ప్రాకెట్ (పళ్ళ చక్రం) మీద చైన్‌ని వెనక్కి గుంజండి, సగం పన్ను బయటపడితే చైన్ సెట్ మొత్తం మార్చాలి. టైరు పక్కన నాలుగంకెల గుర్తుంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. గాడి ఎంత లోతున్నా ఆరేడేళ్ళ పాత రబ్బరుని నమ్మొద్దు, మన ఎండలకి అది గట్టిపడిపోయి ఉంటుంది. ఇవేవీ బండి వదిలేసే కారణాలు కావు, రేటు తగ్గించే కారణాలు. బేరానికి ముందే స్పేర్స్ కౌంటర్‌లో వీటి ధరలు కనుక్కుని కాగితం మీద రాసుకెళ్ళండి. "ఏదో చూసి తగ్గించండి బ్రదర్" కంటే ఆ కాగితం గట్టిగా మాట్లాడుతుంది.

ఇంజన్ విషయానికొస్తే, మీరు వెళ్ళేసరికి అది చల్లగా ఉండాలి. చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే "ఇప్పుడే పాలకెళ్ళొచ్చా" అంటాడు. సరే, రెండు గంటలాగి వస్తానండి అనండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడే ఇంజన్ లోపలి చైన్‌ని బిగించే టెన్షనర్ చప్పుడు, పొగ, ఐడ్లింగ్ తేడా బయటపడేది. నీలం పొగంటే ఆయిల్ కాలుతోంది. మే నెల విజయవాడలో తెల్ల పొగ ఆగకుండా వస్తుంటే దాన్ని మంచనుకోవడానికి వీల్లేదు, కూలెంట్ లోపలికి పోతోంది. తర్వాత కదలకుండా ఐడ్లింగ్‌లో వదిలేసి, రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా నిలబడండి. ఆ ఫ్యాన్ పనిచేయని బండితో బెంజ్ సర్కిల్ సిగ్నల్లో మధ్యాహ్నం రెండింటికి ఏమవుతుందో వేరే చెప్పాలా? బ్యాటరీకి మల్టీమీటర్ పెడితే ఇంజన్ ఆన్‌లో 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉండాలి. తక్కువైనా ఎక్కువైనా ఛార్జింగ్‌లో తేడా ఉంది.

టెస్ట్ రైడ్ మీరు చేయకండి. కోపం తెచ్చుకోవద్దు, మంచి బండి ఎలా ఉంటుందో తెలియనివాడికి చెడ్డది తెలీదు. నాలుగైదేళ్ళు తోలినవాణ్ణి హెల్మెట్‌తో సహా తీసుకెళ్ళండి. అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు లాంటి తిన్నటి రోడ్డు మీద 40లో వెళ్తూ హ్యాండిల్ మీద పట్టు కాస్త సడలించి చూడమనండి, ఒక పక్కకి లాగకూడదు. టాప్ గేర్‌లో 40 నుంచి ఒక్కసారిగా యాక్సిలరేటర్ ఇస్తే ఆర్‌పీఎం పరిగెత్తి స్పీడు అక్కడే ఉంటే క్లచ్ ప్లేట్లు అయిపోయాయి. గట్టిగా బ్రేక్ వేసినా చక్రం పట్టేయకుండా చూసే ఏబీఎస్ ఉంటే, దాని లైటు కీ ఆన్ చేయగానే వెలగాలి, బండి కదిలాక ఆరాలి. అసలు వెలగకపోతే ఇంకా అనుమానించాలి, ఎవరో లైటే పీకేసి ఉంటారు.

ఏ బండి? ఇక్కడే గొడవలొస్తాయి, రానివ్వండి. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. కొత్త రైడర్ అంతకంటే పాతది కొనకపోవడమే మంచిది. 2018లో వచ్చిన తొలి ఆర్15 వీ3లకి ఏబీఎస్ లేదు, 2019 జనవరి నుంచి రెండు చక్రాలకీ ఇచ్చారు. ఆర్‌సీలో నెల చూడండి, వెనక డిస్క్ లోపల సన్న గళ్ళ రింగు ఉందో లేదో కూడా చూడండి. మొదటి బజాజ్ పల్సర్ ఆర్‌ఎస్200ల్లోనూ ఏబీఎస్ ఉన్నవీ లేనివీ రెండూ ఉన్నాయి. నన్నడిగితే మొదటి బండిగా సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్. గాలికి చల్లబడే 155 సీసీ ఇంజన్, రేడియేటర్ గోల లేదు, వీపు కాస్త నిటారుగా ఉంటుంది, ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో మణికట్లు పోవు. స్టైల్ లేదని ఎవరూ పట్టించుకోరు కాబట్టి బేరమూ కుదురుతుంది. ఆర్15 మంచి బండే, కానీ సీటు ఎత్తు 815 మిల్లీమీటర్లు, వంగి తోలాలి, పైగా పేరుకి ఎక్కువ రేటు. కేటీఎం ఆర్‌సీ 390 మాత్రం వద్దు. ఆర్15 పవర్ 19 పీఎస్ అటూ ఇటూ, దీనిది 43. రెట్టింపు కంటే ఎక్కువ. "మెల్లగా తోలుతాలే" అనే మాట కొనేదాకానే.

పెద్ద సైలెన్సర్, సగం ముక్కే ఉన్న నంబర్ ప్లేటు, అద్దాలు పీకేసిన బండి అయితే ఒరిజినల్ పార్టులన్నీ చేతికిస్తేనే మాట్లాడండి. చలానా మీ పేరు మీదే వస్తుంది.

హైదరాబాద్ బండి చవగ్గా వస్తుందని ఎగబడేవాళ్ళు ఒకటి లెక్కేసుకోవాలి. అక్కడి ఆర్‌టీఏ నుంచి ఎన్‌వోసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తేవాలి, అది ఫారం 28. ఇక్కడ బండి వయసుని బట్టి లైఫ్ ట్యాక్స్ మళ్ళీ కట్టాలి. అవన్నీ కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో చూసుకోండి. మన ఏపీ బండికైతే పేరు మార్పుకి ఫారం 29, 30. లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీతో పాటు ఫారం 35. లోన్ తీరిపోయిందని నోటిమాట చెబితే కుదరదు, ఆర్‌సీలో బ్యాంకు పేరు కొట్టేసి ఉండాలి. కేంద్ర రవాణా శాఖ సైట్ పరివాహన్‌లో నంబర్ కొట్టి ఇన్సూరెన్స్, లోన్, చలానాలు చూడండి. హైదరాబాద్ చలానాలు తెలంగాణ పోలీసుల సైట్లో వేరేగా చూడాలి.

"సంతకాలు పెట్టిచ్చేశా, ఎప్పుడైనా మార్చుకోండి" అనే ఓనర్ తన మెడకి తానే ఉరి తగిలించుకుంటున్నాడు. యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం విషయంలో రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కొన్నవాడికీ సుఖం లేదు. పాలసీ మీ పేరుకి మారకపోతే సొంత బండి డ్యామేజీకి క్లెయిమ్ రాదు, దానికి గడువు 14 రోజులే. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మీకు రాదు. కాబట్టి ప్రీమియం కాస్త పెరుగుతుంది.

దగ్గరున్న డబ్బంతా బండికే పెట్టకండి. ఐదో వంతు పక్కనుంచండి. మొదటి వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ మార్చాలి, ఐఎస్ఐ హెల్మెట్, గ్లవ్స్ కొనాలి, టైర్లు పాతవైతే అవీ వేయించాలి. రెండో తాళం అడిగి తీసుకోండి. డబ్బు బ్యాంకు ద్వారా పంపించి, డెలివరీ నోటు మీద తేదీతో పాటు టైము కూడా రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆరోజు పొద్దున కాజ టోల్‌గేట్ దగ్గర పడ్డ చలానా ఎవరిదన్న గొడవ వస్తే ఆ టైమే తేలుస్తుంది.