లారీకి దండ, డ్రైవరుకు దండన

ఆయుధపూజ రోజు లారీకి గుమ్మడికాయ కొడతాం, బంతిపూల దండేస్తాం, టైర్ల కింద నిమ్మకాయలు పెడతాం. నడిపే మనిషికి? ఒక స్వీటు ప్యాకెట్టు, ఒక ఫోటో. అంతే!

మర్నాడు పొద్దున్నే మొదలు. "ఏందయ్యా, ఇంకా గూడూరు దాటలేదా?" బండి ఎక్కడుందో మా నెల్లూరు ఆఫీసు స్క్రీన్‌లో కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఫోన్ చేయాల్సిందే. ఎత్తకపోతే పొగరంటారు. స్టీరింగ్ పట్టుకుని ఎత్తితే ఏమవుతుందో తెలియదా?

కృష్ణపట్నంలో బొగ్గు ఎత్తిన బండి ఫ్యాక్టరీ గేటు ముందు రాత్రంతా పడిగాపులు. నీడ లేదు, నీళ్లు లేవు, మరుగుదొడ్డి ఊసే లేదు. హాల్టింగ్ డబ్బులు అడిగితే మా అకౌంట్సాయన తలెత్తడు. అదే కాటా మీద తూకం కాస్త తగ్గనీండి, బత్తాలో కోత క్షణంలో పడుతుంది!

రోజుకు 8 గంటలే పని అని 1961 నాటి చట్టమే చెప్పింది. ఎవరికి, లారీకా? 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీల క్యాబిన్లలో ఏసీ ఉండాలన్నారు. సంతోషం. మరి రోహిణి కార్తెలో పాత బండి ఇంజను పక్కన ఉడికేవాళ్ల సంగతి?

కూలర్ పాడైతే మేం సగం పూట పని మానేశాం లెండి. ఇంతకీ, డ్రైవర్లు వస్తే కూర్చోడానికి ఆఫీసులో ఒక్క బెంచీ వేయమని ఎన్నిసార్లు మొత్తుకోవాలి?