మొదటి రాత్రి రేటింగుతో లీగు బతకదు

డాలస్, హ్యూస్టన్‌ల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో వసంతం వచ్చిందంటే చాలు, ఒక ఫార్వర్డ్ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది ఇంతే: "స్ప్రింగ్ ఫుట్‌బాల్ లీగు అంటే అమెరికా ఐపీఎల్. మొదటి రాత్రే ఎన్‌బీఏను కొట్టింది. ఛానెళ్లు హక్కులకు కోట్లు పోశాయి, ఆటగాళ్ల జీతాలకు ఢోకా లేదు. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు గుబులు పట్టుకుంది." ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్. దాని అతిపెద్ద లీగు ఎన్‌ఎఫ్‌ఎల్, వసంతంలో ఆడే చిన్న లీగులు స్ప్రింగ్ లీగులు. ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగు. ఎన్నిసార్లు చెప్పినా మళ్లీ అదే పంపుతున్నారు కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను.

ఎన్‌ఎఫ్‌ఎల్ గుబులు సంగతి రెండు మాటల్లో తేలుతుంది. 2021లో కుదిరిన టీవీ ఒప్పందాల ద్వారా దానికి 11 ఏళ్లలో సుమారు 11,000 కోట్ల డాలర్లు వస్తాయి. స్ప్రింగ్ లీగులు ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ అయ్యేదాకా ఆగి మొదలయ్యేది ఆ జోలికి పోకూడదనే.

ఎన్‌బీఏను కొట్టిందన్నది నిజమే. 2019 ఫిబ్రవరి 9న ఏఏఎఫ్ అనే స్ప్రింగ్ లీగు మొదటి రాత్రి సీబీఎస్‌లో సుమారు 29 లక్షల మంది చూశారు. అదే సమయంలో ఏబీసీలో వచ్చిన రాకెట్స్, థండర్ ఎన్‌బీఏ మ్యాచ్ కంటే ఓవర్‌నైట్ రేటింగ్ (మర్నాడే వచ్చే తొలి లెక్క) ఎక్కువే. కానీ ఆ రాత్రి సీబీఎస్ రెండు మ్యాచ్‌లు వేసింది. కొన్ని ఊళ్లకు ఒకటి, మిగతా ఊళ్లకు ఇంకొకటి. ఆ రెండూ కలిపిన లెక్క అది. పైగా సీబీఎస్‌తో ఒప్పందం మొదటి రాత్రికీ ఫైనల్‌కూ మాత్రమే. మిగతా మ్యాచ్‌లలో చాలా భాగం కేబుల్ ఛానెళ్లకు పోయాయి. సీబీఎస్ లాంటి, యాంటెన్నాతో ఉచితంగా వచ్చే ఛానెల్ అంకెను తక్కువ ఇళ్లకే చేరే కేబుల్ ఛానెల్ మళ్లీ తేవడం ఎలా సాధ్యం?

మొదటి రాత్రి అంకె కొలిచేది కుతూహలాన్నే. 2001లో ఎక్స్‌ఎఫ్‌ఎల్ అనే స్ప్రింగ్ లీగు మొదటి రూపాన్ని ఎన్‌బీసీలో తొలి రాత్రి సుమారు కోటీ 40 లక్షల మంది చూశారు. రేటింగ్ 9.5, అంటే టీవీ ఉన్న ఇళ్లలో నూటికి 9.5. మరుసటి వారం అది 4.6కు పడింది. మార్చి చివరికి 1.5. మే నెలలో లీగు మూసేశారు. 2020లో అదే పేరుతో మళ్లీ వచ్చిన ఎక్స్‌ఎఫ్‌ఎల్‌కు మొదటి వారం మ్యాచ్‌కు సగటున 31 లక్షల మంది. అయిదో వారానికి దాదాపు సగానికి దిగింది, ఆపైన కోవిడ్ వచ్చింది.

ఇక అసలు అబద్ధం దగ్గరికి వద్దాం. "ఛానెళ్లు కోట్లు పోశాయి, జీతాలకు ఢోకా లేదు." ఈ మాట మీద నాకు నిజంగా కోపం. 2020 ఎక్స్‌ఎఫ్‌ఎల్‌కు ఫాక్స్, ఈఎస్‌పీఎన్ హక్కుల రుసుము ఇవ్వలేదు. కెమెరాలు, ట్రక్కులు, కామెంటేటర్ల ఖర్చు పెట్టుకున్నాయి, అంతే. లీగుకు అది ఖర్చు తప్పడమే కానీ రాబడి కాదు. ఆటగాడికి చెక్కు రాయాలంటే టికెట్లు అమ్ముడుపోవాలి, లేదంటే యజమాని జేబులోంచి తీయాలి. రేటింగ్ తగ్గితే ఛానెల్‌కూ నష్టమే. ప్రకటనదారుకు మాట ఇచ్చినంతమంది చూడకపోతే ఆ లోటుకు ఉచితంగా స్పాట్లు వేసి పెట్టాలి. అలాంటి ఛానెల్ మరుసటి ఏడాది రుసుము ఇస్తుందా?

ఏఏఎఫ్‌లో జరిగింది చూడండి. టామ్ డండన్ అనే వ్యాపారి అందులో 25 కోట్ల డాలర్లు పెడతానని 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు. ఏప్రిల్ 2న లీగు ఆగిపోయింది. పది వారాల సీజన్‌లో ఎనిమిదే అయ్యాయి. అదే నెల 17న దివాలా పిటిషన్ వేశారు. ఎన్‌బీఏను కొట్టిన రాత్రికీ తలుపులు మూసిన రోజుకూ మధ్య ఎనిమిది వారాలు కూడా నిండలేదు! ఆ కుర్రాళ్లు కోట్లు తీసుకునేవాళ్లు కారు. 2024లో యూఎఫ్‌ఎల్ అనే మరో స్ప్రింగ్ లీగు ఆటగాడికి వారానికి 5,500 డాలర్లు, అదీ సీజన్ ఉన్న పది వారాలకే. "ఢోకా లేదు" అని రాసేవాళ్లు ఒక్కసారైనా వాళ్ల గురించి ఆలోచించారా?

ఒకటి ఒప్పుకోవాలి. 2023 ఎక్స్‌ఎఫ్‌ఎల్‌కు ఈఎస్‌పీఎన్ నిజంగానే డబ్బు ఇచ్చింది. అయినా ఆ ఒక్క సీజన్ తర్వాత ఆ లీగు యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే ఇంకో స్ప్రింగ్ లీగుతో కలిసిపోక తప్పలేదు. అలా పుట్టిందే యూఎఫ్‌ఎల్.

ఐపీఎల్ పోలిక మరీ అన్యాయం. 2008 జనవరిలో, ఒక్క బంతి కూడా పడకముందే, సోనీ, క్రీడా హక్కుల సంస్థ డబ్ల్యూఎస్‌జీ కలిసి పదేళ్ల ప్రసార హక్కులకు 100 కోట్ల డాలర్ల పైచిలుకు ఒప్పుకున్నాయి. జట్లను విడివిడిగా వేలం వేశారు. 2024 యూఎఫ్‌ఎల్‌లో ఎనిమిది జట్లూ లీగువే, ఆ లీగులో ఫాక్స్‌ది యజమాని వాటా. తన సరుకును తన కొట్లోనే పెట్టుకుని ఎవరో కొన్నారని చెబితే ఎలా నమ్మాలి?

ఈ లీగుల వల్ల ఉపయోగం లేదని మాత్రం అనను. కిక్ చేసేవాడు వెనక ఉండి, మిగతావాళ్లు అయిదు గజాల ఎడంలో ఎదురెదురుగా నిలబడే కిక్‌ఆఫ్ (ఆట మొదలుపెట్టే కిక్) 2020 ఎక్స్‌ఎఫ్‌ఎల్‌దే. దాన్నే కొద్దిగా మార్చి 2024లో ఎన్‌ఎఫ్‌ఎల్ తెచ్చుకుంది. గాయాలు తగ్గించే మంచి ఆలోచన అది. ఆట విషయంలో ఈ లీగులంటే నాకు గౌరవమే.

మళ్లీ ఏదైనా అంకె పంపేముందు మూడు చూడండి: ఏ వారానిది, ఏ ఛానెల్‌ది, నిమిషానికి సగటా లేక అందరికంటే ఎక్కువమంది చూసిన ఒక్క క్షణపు శిఖరమా. ఒకే రకం మ్యాచ్‌ను అదే రకం మ్యాచ్‌తో పోల్చండి. యూఎఫ్‌ఎల్ ఫైనల్‌ను 2024లో ఫాక్స్‌లో సుమారు 16 లక్షల మంది చూశారు. 2025లో ఏబీసీలో చూసినవాళ్లు 10 లక్షల లోపే.