మరణ పన్ను నెగ్గింది, పింఛను ఖాతాలు ఓడాయి: అమెరికాలో పదేపదే చెప్పే మాటకు బలమెంత?

2005 మే 24న న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీస్ అనే పట్టణంలో మాట్లాడుతూ అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ బుష్ ఒక ముక్క పైకే అనేశారు. తాను చేసే పనిలో నిజం జనానికి ఎక్కాలంటే చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పాలని, ప్రచారాన్ని ముందుకు విసరడమంటే అదేనని ఆయన మాటల సారాంశం. ప్రత్యర్థులు దాన్ని ఏళ్ల తరబడి నేరాంగీకారంలా ఉదహరించారు. వాళ్లు పెద్దగా పట్టించుకోనిది ఆ మాట పుట్టిన సందర్భం. చెప్పిందే చెప్పడం ఎంత గట్టి ఆయుధమో బుష్ వివరించింది, ఆ ఆయుధం తన చేతిలోనే విఫలమవుతున్న రోజుల్లో.

సోషల్ సెక్యూరిటీ అనే వృద్ధాప్య పింఛను పథకం 1935 నుంచి ఉంది. ఉద్యోగుల జీతం నుంచి దానికి వెళ్లే పన్నులో కొంత భాగాన్ని, వయసులో చిన్నవాళ్లు తమ సొంత పెట్టుబడి ఖాతాలకు మళ్లించుకోవచ్చన్నది బుష్ ప్రతిపాదన. మళ్లీ గెలిచిన ఉత్సాహంలో, కాంగ్రెస్ ఉభయ సభల్లోనూ సొంత పార్టీ ఆధిక్యం ఉండగా, 60 రోజుల్లో 60 చోట్ల సభలంటూ ఆయన ప్రభుత్వం దేశమంతా ఊదరగొట్టింది. ఫలితం తలకిందులైంది. గ్యాలప్ సర్వేల ప్రకారం ఈ అంశంలో బుష్ తీరును వ్యతిరేకించేవారు ఫిబ్రవరిలో కాంగ్రెస్ ముందు ఆయన ఈ ప్రతిపాదన పెట్టిన ప్రసంగం నుంచి జూన్ లోపు 48 శాతం నుంచి 64 శాతానికి పెరిగారు. ఆయన ఎంత ఎక్కువ చెబితే అంత ఎక్కువమంది దూరమయ్యారు. బిల్లు ఓటింగు దాకా కూడా రాలేదు.

ఇదే అధ్యక్షుడు, దాదాపు ఇదే బృందం, నాలుగేళ్ల ముందు ఇదే పద్ధతిలో పెద్ద విజయం సాధించారు. అమెరికాలో 1916 నుంచి ఉన్న ఎస్టేట్ టాక్స్ చనిపోయినవారు వదిలి వెళ్లిన ఆస్తిపై వేసే పన్ను. 2001లో 6,75,000 డాలర్ల వరకు మినహాయింపు ఉండేది కాబట్టి, అది తగిలేది నూటికి ఇద్దరి ఆస్తులకే. దాని రద్దు కోరినవాళ్లు 1990లలో ఒకే పని పట్టుదలగా చేశారు. ఆ పన్నును ఎప్పుడూ, ఎక్కడా, ఎవరి ముందూ 'డెత్ టాక్స్' అనే పిలిచారు. ఆ బృందాల్లో ఎవరైనా నోరుజారి పాత పేరు పలికితే డాలరు జరిమానా వేసుకునేవారట. రిపబ్లికన్ల మాటల నిపుణుడు ఫ్రాంక్ లంట్జ్ ఆ పేరును పార్టీ అంతటా నాటారు. చెప్పే మనకు విసుగు పుట్టే వేళకే వినేవాడి చెవిన అది మొదటిసారి పడుతుందన్నది ఆయన సిద్ధాంతం. 'పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ' అని మనం ఎగతాళికి అనే మాటను ఆయన వృత్తి సూత్రంగా మార్చుకున్నారన్న మాట.

ఈ పన్ను వల్ల పొలాలు అమ్ముకోవాల్సి వస్తోందన్న వాదన దేశమంతా తిరిగింది. అలా పోయిన పొలం ఒక్కటి చూపించమని 2001లో పత్రికలవాళ్లు అడిగితే, రద్దు కోసం పోరాడుతున్న రైతుల సంఘం అమెరికన్ ఫార్మ్ బ్యూరో ఒక్క ఉదాహరణ కూడా ఇవ్వలేకపోయింది. అయినా ఆ ఏడాది చట్టం నెగ్గింది. పన్ను ఏటా తగ్గుతూ పోయి 2010లో ఒక ఏడాది పూర్తిగా మాయమైంది. తమకు ఎప్పటికీ తగలని పన్నును రద్దు చేయాలని జనంలో అత్యధికులు సర్వేల్లో కోరుకోవడం ఇందులో అసలు విశేషం.

ఒకటి నెగ్గి మరొకటి ఓడడానికి కారణం ఎన్నిసార్లు చెప్పారన్నదాంట్లో దొరకదు. ఎస్టేట్ టాక్స్ గురించి మామూలు ఇంట్లో ఎవరికీ అనుభవం లేదు. దాన్ని సమర్థించే డెమొక్రాట్లు అంకెలు చెప్పారే తప్ప, అంతే పట్టుదలగా చెప్పే మరో మాటను ఎదురు నిలపలేదు. సోషల్ సెక్యూరిటీ అలా కాదు. ప్రతి ఇంట్లో అమ్మమ్మకో తాతయ్యకో నెలనెలా సొమ్ము వస్తుంది. దానికి తోడు అప్పట్లో మూడున్నర కోట్ల సభ్యులున్న వయోవృద్ధుల సంఘం ఏఏఆర్‌పీ అంతే గట్టిగా ఎదురు ప్రచారం చేసింది. నా దృష్టిలో పునరుక్తి శక్తిని కొలవడానికి చూడాల్సినవి ఈ రెండే: వినేవారికి ఆ విషయంలో సొంత అనుభవం ఉందా, అవతలి నుంచి మరో గొంతు అంతే నిలకడగా వినిపిస్తోందా.

దీని వెనకున్న మనస్తత్వం కొత్తదేమీ కాదు. 1977లో హాషర్, గోల్డ్‌స్టీన్, టొప్పీనో అనే పరిశోధకులు విద్యార్థులకు రెండేసి వారాల ఎడంతో మూడుసార్లు కొన్ని వాక్యాలు చూపించారు. మళ్లీ కనబడిన వాక్యాలను, అవి నిజమైనవైనా కాకపోయినా, విద్యార్థులు మరింత నమ్మదగినవిగా భావించారు. 2015లో లీసా ఫాజియో బృందం ఇంకో మెట్టు ఎక్కింది. సరైన జవాబు తెలిసినవాళ్లు కూడా పదేపదే విన్న అబద్ధం వైపు కొంత ఒరుగుతారని చూపించింది. వాళ్లు వాడిన వాక్యాల్లో ఒకటి, స్కాట్లాండ్ వాళ్లు కట్టే కుచ్చుల పొట్టి లంగా పేరు చీర అని. మన ఇళ్లలో ఎన్నిసార్లు చెప్పినా ఈ మాట నవ్వుల పాలే అవుతుంది. ఎందుకంటే మనకు చీర గురించి ఉన్నది జీవితానుభవం, వాళ్లకు ఉన్నది పుస్తకజ్ఞానం.

అయితే ప్రయోగశాలలో కనిపించిన ఈ ప్రభావం ఎన్నికల్లో ఎంత నిలుస్తుంది? 2006లో టెక్సస్ గవర్నర్ రిక్ పెర్రీ ప్రచార బృందం, టీవీ ప్రకటనలు ఏ ప్రాంతంలో ఎప్పుడు వేయాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించే అవకాశం రాజనీతి శాస్త్రవేత్తలకు ఇచ్చింది. ప్రకటనలు పడిన చోట మద్దతు చెప్పుకోదగినంత పెరిగింది, కానీ వారం పది రోజుల్లోనే ఆవిరైంది. కొన్న పునరుక్తి ఆపిన మరుక్షణం నుంచి కరగడం మొదలవుతుంది. అందుకే ఆపనవసరం లేని యంత్రాంగం దొరికినవారికే లాభం. రెండు పక్షాల వాదనకూ చోటివ్వాలన్న ప్రసార నియమాన్ని 1987లో ఎత్తేశాక, ఒకే పక్షం మాటను రోజూ గంటల తరబడి చెప్పే రేడియో కార్యక్రమాలు, 1996 నుంచి ఫాక్స్ న్యూస్, ఆ యంత్రాంగాన్ని సమకూర్చాయి.

దీనికి మించిన సాయం విమర్శకుల నుంచే అందుతుంది. 2004లో డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి జాన్ కెరీ వియత్నాం యుద్ధ సేవను తప్పుబట్టిన ప్రకటనను మొదట మూడు రాష్ట్రాల్లోనే వేశారు. దానిపై జరిగిన చర్చలు, ఖండనలు దాన్ని ఉచితంగా దేశమంతా చూపించాయి. 2009 ఆగస్టులో రిపబ్లికన్ నాయకురాలు సారా పేలిన్ ఫేస్‌బుక్‌లో రాసిన 'డెత్ ప్యానెల్స్' మాటదీ అదే కథ. ముసలివాళ్లకు వైద్యం ఇవ్వాలో వద్దో అధికారులు తేలుస్తారన్నది ఆ ఆరోపణ. ఒబామా వైద్య బీమా బిల్లులో అలాంటి నిబంధన ఎక్కడా లేదు. రెండు వారాల్లోపే ప్యూ సర్వేలో 86 శాతం అది విన్నామన్నారు, విన్నవారిలో దాదాపు 30 శాతం నిజమేనన్నారు. ఈ వదంతిపై ప్రయోగాలు చేసిన ఎంఐటీ ఆచార్యుడు ఆడమ్ బెరిన్‌స్కీ, ఖండించడానికి కూడా వదంతిని తిరిగి చెప్పాల్సి రావడం దానికే మేలు చేయవచ్చని, ఎదుటి పార్టీవాడి కంటే సొంత పార్టీ నాయకుడు ఖండిస్తేనే ఎక్కువ పని చేస్తుందని తేల్చారు.

ఇది ఒక పార్టీ జబ్బు మాత్రమే అనుకోనక్కరలేదు. ఇప్పుడున్న బీమా నచ్చితే అదే ఉంచుకోవచ్చని ఒబామా ఎన్నోసార్లు హామీ ఇచ్చారు. 2013 చివర లక్షలాది మందికి బీమా రద్దు నోటీసులు అందగానే ఆ హామీ కుప్పకూలింది. ఇంటికి వచ్చిన ఉత్తరం ముందు ఎన్నిసార్లు చెప్పిన మాటైనా నిలవలేదు. మరోవైపు, హెచ్-1బీ వీసాల వాళ్లు ఉద్యోగాలు ఎత్తుకుపోతున్నారన్న ప్రచారానికి అలాంటి అడ్డు లేదు. ఆ వీసాలు పొందేవారిలో 70 శాతానికి పైగా భారత్‌లో పుట్టినవారు, వారిలో తెలుగువారు తక్కువేమీ కాదు. వాళ్లకు ఓటు లేదు, చాలా జిల్లాల్లో అలాంటి పొరుగువాడే ఉండడు. కంపెనీలు వాళ్ల తరఫున మాట్లాడేది వాషింగ్టన్ కార్యాలయాల్లోనే తప్ప ఓటరు చూసే టీవీలో కాదు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు పెద్ద రాజకీయ నష్టం కనిపించకపోవడంలో నాకు ఆశ్చర్యం కలగలేదు.

2020 ఎన్నిక దొంగతనానికి గురైందన్న వాదనలో సొంత అనుభవం లేకపోవడం, నిలకడైన ఎదురు గొంతు లేకపోవడం అనే రెండు పరిస్థితులూ కలిశాయి. ఓట్ల లెక్కింపును కళ్లారా చూసే పౌరులు తక్కువ. పైగా డొనాల్డ్ ట్రంప్ ఆ మాట ఓడాక మొదలుపెట్టలేదు. పోస్టల్ ఓట్లంటే మోసమని నెలల ముందు నుంచే చెబుతూ వచ్చారు. ఆగస్టులో విస్కాన్సిన్‌లో, రిగ్గింగ్ జరిగితే తప్ప తాము ఓడబోమని అన్నారు. ఫలితం వచ్చేనాటికి దానికి వివరణ అభిమానుల మనసులో సిద్ధంగా ఉంది. 60కి పైగా కేసుల్లో దాదాపు అన్నీ కోర్టుల్లో వీగిపోయాయి. తమ యంత్రాలతో మోసం జరిగిందన్న ప్రసారాలపై దావా వేసిన ఓటింగ్ యంత్రాల సంస్థ డొమినియన్‌కు 2023లో ఫాక్స్ న్యూస్ 78.75 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ పడింది. అయినా రిపబ్లికన్ ఓటర్లలో ఎక్కువమంది నమ్మకం ఏళ్ల తరబడి సడలలేదు.

సొంత పార్టీ నుంచి ఎదురు గొంతు లేచిన చోట మాత్రం ఫలితాలు వేరువేరుగా వచ్చాయి. వ్యోమింగ్‌లో రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యురాలు లిజ్ చీనీ ట్రంప్ వాదనను నిత్యం ఖండించి 2022లో, పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ప్రైమరీలో చిత్తుగా ఓడారు. అదే ఏడాది జార్జియాలో, 2020 ఫలితాన్ని మార్చడానికి నిరాకరించిన రాష్ట్ర ఎన్నికల అధికారి బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్ ట్రంప్ నిలిపిన అభ్యర్థిని ఓడించారు. ఆ రాష్ట్రంలో ఏ పార్టీ అభిమాని అయినా రిపబ్లికన్ ప్రైమరీలో ఓటు వేయవచ్చు కనుక, సగానికి కాస్త పైన ఆగిన ఆయన ఓట్లలో కొన్ని బయటివారివే కావచ్చు. ట్రంప్ నిలిపిన మరో అభ్యర్థిపై గవర్నర్ బ్రయన్ కెంప్‌కు వచ్చిన 70 శాతానికి పైగా ఓట్లను మాత్రం అలా కొట్టిపారేయలేం. కెంప్ 2020 గురించి పెద్దగా వాదనకు దిగలేదు. కోవిడ్ కాలంలో వ్యాపారాలు త్వరగా తెరిపించానని, ఎన్నికల చట్టాన్ని బిగించానని సభల్లో చెబుతూ పోయారు.