అమ్మ ఎవరి నెల?

డిసెంబరు వచ్చింది. హనుమకొండలో ఇళ్ల మీదికి స్టార్లు ఎక్కాయి, సెమీ క్రిస్మస్ బిర్యానీలు మొదలయ్యాయి, నాకు తెలిసిన ఒక చర్చి సంఘ పెద్దగారి ఇంట్లో ఫొటోకు రంగు ఖరారైంది. పోయినేడు మెరూన్, ఈ ఏడు నెమలికంఠం. మగవాళ్లకు కుర్తాలు, ఆడవాళ్లకు చీరలు, మధ్యలో కుర్చీ, కుర్చీలో అమ్మ. కింద ‘కుటుంబమే దేవుడిచ్చిన బహుమానం’ అని రాసి స్టేటస్ పెడతారు. ఎంత చక్కటి మాట!

ఒక్కటే చిక్కు. డిసెంబరు నెల అమ్మ ఆయన వంతు కాదు.

మీకు వివరించక్కర్లేదు, మీ వాడలోనూ ఉంటారు. అన్న హనుమకొండ, తమ్ముడు కరీంనగర్. అమ్మ నెలకొకరి దగ్గర. జనవరి అన్నది, ఫిబ్రవరి తమ్ముడిది, ఆ తర్వాత వరసగా. పైకి న్యాయంగానే ఉంది. కానీ అన్న లెక్కల సారు. ఆయన నెలలన్నీ కూడితే 184 రోజులు, తమ్ముడివి 181. ఫిబ్రవరి తమ్ముడి ఖాతాలో పడింది కదా! అంటే ఏటా మూడు రోజుల అన్నం, మూడు రోజుల బీపీ గోళీలు ఆయన మీద అదనపు భారం. లీపు సంవత్సరం వస్తే రెండు రోజులే. అందుకే కాబోలు, లీపు సంవత్సరంలో ఆయన ప్రార్థన కాస్త ఉత్సాహంగా ఉంటుంది.

ఇప్పుడు ఫొటో కోసం 24, 25, 26 తారీఖులకు అమ్మ కావాలి. ఫోన్‌లో చర్చలు జరిగాయి.

“తీస్కపో అన్నా. ఫొటో నీది, ఖర్సు నీది. ఆ రోజులు నా మీద రాయకు.”

“అట్లెట్లరా? నీ నెలల నేను సాకాల్నా? పాత మూడు, ఇయి మూడు, ఆరు రోజులు బాకీ ఉన్నవ్.”

“24 పొద్దుమూకినంక తీస్కపోతవ్, 26 పొద్దుగాల దింపుతవ్. మూడెట్లయితయే?”

చివరికి లాడ్జి లెక్కకు ఒప్పుకున్నారు, 24 గంటలకు ఒక రోజు చొప్పున. మధ్యవర్తిగా కూర్చున్న బావగారు, అన్నదమ్ములు గొడవ పడకుండా తేల్చుకున్నందుకు దేవునికి స్తోత్రం చెప్పారట. అప్పగింత స్థలం హుజూరాబాద్ బస్టాండ్. అక్కడికైతే ఇద్దరికీ పెట్రోలు ఇంచుమించు సమానం.

ఈ పద్ధతిని సంఘాలన్నీ అమలు చేయాలని నా వినయపూర్వక మనవి. రశీదు పుస్తకం అచ్చు వేయించాలి. తల్లి ఒకటి, సంచి ఒకటి, కళ్లద్దాలు ఒకటి, గోళీలు పదకొండు, అందినట్లు సంతకం. ఆలస్యమైతే గంటకింత.

లూకా సువార్తలో కైసరు ఔగుస్తు జనాభా లెక్క పెట్టమంటే యోసేపు గర్భిణి అయిన మరియను వెంటబెట్టుకుని నజరేతు నుంచి బెత్లెహేముకు వంద కిలోమీటర్లకు పైగా పోయాడు. సగం దారిలో ఎవరికీ అప్పగించలేదు. పాపం, లెక్కలు రావు. ఆ బెత్లెహేములోనే అంతకు ఎన్నో తరాల ముందు రూతు అనే కోడలు పొలాల్లో పరిగె ఏరి అత్తను సాకింది. యేసు వంశావళిలో మత్తయి ఆమె పేరు రాశాడు. ‘మా ఇంటామె ఒప్పుకోదు’ అని భార్యల కొంగు వెనక దాక్కునే కొడుకుల పేర్లు మాత్రం ఎక్కడా రాయలేదు.

మన పెద్దగారు ఈసారి మందిరానికి కొత్త సౌండ్ బాక్సులు కానుక ఇచ్చారు. ప్రకటనలో పేరు రెండుసార్లు చదివించారు. అమ్మ కంటి ఆపరేషన్ మాత్రం ‘తమ్ముడు సగం ఇస్తే చూద్దాం’ దగ్గర ఆగింది. అయ్యా, మార్కు ఏడో అధ్యాయం మీ బైబిల్లో ఉందా, చింపేశారా? అమ్మానాన్నలకు పెట్టాల్సింది ‘కొర్బాను, దేవుడికిచ్చేశాను’ అని తప్పించుకునేవాళ్లను యేసు ఏమన్నాడో అందులో ఉంది. వేషధారులన్నాడు. మేకులు దిగిన చేతులతో, ఊపిరాడని స్థితిలో కూడా ఆయన తల్లికి ఒక ఇల్లు చూశాడు. ‘ఆ గడియనుండి ఆ శిష్యుడు ఆమెను తన యింట చేర్చుకొనెను’ అని యోహాను రాశాడు. ఆ గడియనుండి! నెల విడిచి నెల అని కాదు. కాజీపేట చర్చికి పోయి, పశువుల పాక ముందు మోకరించి, బొమ్మ మరియతో సెల్ఫీ దిగడానికి సిగ్గుండాలి. మరియను సత్రంలో చోటు లేదని పంపినవాడే నయం, వాడు ఆమె కన్న కొడుకు కాదు.

పోయినేడు 26న కరీంనగర్ పోతూ హుజూరాబాద్‌లో చాయ్‌కి దిగాను. బల్ల మీద పాత నేత చీరలో ఆ అమ్మ ఒక్కతే ఉంది. ఒళ్లో సంచి, సంచిలో మనవల కోసం దాచిన కేకు ముక్క. పెద్దోడు దింపి పోయిండట, చిన్నోడు ఇంకా బయలెల్లలేదట. మెరూన్ చీర ఏదమ్మా అన్నాను.

“ఆడ కట్టి ఖరాబు చేస్తనని పెద్దోడు బీరువాల పెట్టిండు బిడ్డా.”

నా బస్సు హారన్ కొట్టింది. లేవబోతుంటే చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

“ఈ నెలకు ముప్పయ్యా బిడ్డా, ముప్పయ్యొక్కటా?”